పెద్దాయన ఉడుకు

ఆ పొద్దు ఆత్మకూరు నుంచి జీపు కదిలేసరికి డాక్టర్ చంద్రమోహన్ దగ్గరున్న సరుకు ఇంతే. తనిఖీ బృందంలో దంత నిపుణుడనే హోదా, జీపులో ముందు సీటు, గుండెలో ఏళ్ళ తరబడి నిలవబెట్టుకున్న ఒక మంట. మొదటి రెండూ సర్కారు ఇచ్చినవి. మూడోది సొంత పెట్టుబడి.

ఆ మంట పేరు రూబీ.

పోయిన వారం చదివినవాళ్ళకి తెలుసు, చదవనివాళ్ళు ఇంత తెలుసుకుంటే చాలు. రూబీ చంద్రమోహన్ దగ్గర జూనియర్‌గా చేరింది. పని నేర్చుకుంది. తర్వాత ఉదయగిరిలో సొంతంగా క్లినిక్ తెరిచింది. అంతకుముందు కొండ కింది పల్లెల నుంచి బస్సెక్కి ఆత్మకూరు వచ్చే పళ్ళన్నీ అప్పట్నుంచి ఉదయగిరిలోనే దిగిపోవడం మొదలుపెట్టాయి. ఈ మధ్య ఎక్కడో దూరపు ఊళ్ళో, సరిగ్గా శుద్ధి చేయని పనిముట్ల వల్ల జనానికి జబ్బులు అంటుకున్నాయని గోల లేచింది. చిన్న దంత వైద్యశాలలన్నీ చూసి రమ్మని పైనుంచి హుకుం వచ్చింది. నిపుణుడుగా ఎవరొస్తారని అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడు చంద్రమోహనే. రూబీ క్లినిక్ నడవాలా, తాళం పడాలా అన్నది ఇప్పుడు అతని నోటి మాట మీద ఉంది.

చంద్రమోహన్ తండ్రిది నిమ్మకాయల మండీ. గోతం విప్పకుండా, పైన అరచెయ్యి ఆనించి, లోపల కాయ ఎంత మెత్తబడిందో చెప్పగలిగిన మనిషి. కొడుకు పళ్ళ డాక్టరయ్యాడు గానీ మండీ చూపు పోలేదు. ఏ వీధిన పోతున్నా ఎవరి అంగట్లో గిరాకీ ఎంతుందో కంటితోనే తూచేస్తాడు. అంత తూకం తెలిసినవాడు, ఆ పొద్దు తన ఇంట్లో భార్య రేణుకాదేవి కాఫీని చల్లార్చి ఒక పక్క దవడతోనే తాగుతున్న సంగతి మాత్రం గమనించలేదు. "అనంతసాగరం, అక్కోళ్ళింటికి పోయొస్తా" అని ఆమె అంటే సరేనన్నాడు. "నేను వింజమూరు పక్క తనిఖీకి పోతా ఉండా" అని తానూ ఒక మాట చెప్పాడు. ఉదయగిరి అంటే ఆమె ఏమంటుందో అతనికి తెలుసు.

జీపులో వెనక కూర్చున్న డాక్టర్ గోపిక నెల్లూరు నుంచి వచ్చిన అధికారి. వయసులో చిన్నది, మాటలో పొదుపు.

"రూబీ గారు మీకు తెలిసినవాళ్ళంట కదా సార్?"

"నా దగ్గరే పని నేర్చుకుంది."

"అయితే ఈ క్లినిక్ మీరు చూడకపోతేనే మంచిదేమో?"

"తోట కాపు చూసినోడికే గదా మేడం, కాయలో పురుగు యాడుంటుందో తెలిసేది" అన్నాడు చంద్రమోహన్.  దూరంగా ఉదయగిరి కొండ కనపడింది.

* * *

క్లినిక్ ఒకప్పుడు ఎరువుల కొట్టు. ఇప్పుడు సున్నం తెల్లగా మెరుస్తోంది. చంద్రమోహన్ ముందు బోర్డు చూడలేదు, మెట్ల మీద చెప్పులు చూశాడు. రబ్బరు చెప్పులు, అరిగిన తోలు చెప్పులు, బడిపిల్లల బూట్లు. మెట్లు చాలక కొన్ని రోడ్డు దాకా జారాయి. ఆ చెప్పుల్లో సగం ఒకప్పుడు తన గడప ముందు విడిచినవేనని అతనికి అనిపించింది.

లోపల బెంచీ మీద ఒక ముసలాయన గబుక్కున లేచాడు. గొర్రెలు మేపుకునే కొండలయ్య. పంటి పోటు వస్తే ఆత్మకూరు తప్ప ఇంకో ఊరు తెలియని మనిషి, ఒకప్పుడు.

"ఓర్నీ, మా ఆత్మకూరు సామి! తమక్కూడా పన్ను నొప్పేనా? రాండి, కూచోండి. డాక్టరమ్మ వరసలోనే చూస్తది, పెద్దా చిన్నా లేదు. నా ఎనక తమరే."

బెంచీ మీదివాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"నేను చూపించుకోను రాలేదు కొండలయ్యా. చూడను వచ్చినా."

"అదే సామీ, చూడాల్సిందే. పై పన్ను పీకితే చూపు పోతాదని నేను గడగడా వణకతా ఉంటే, ఈయమ్మ నన్ను కుర్చీలో పండేసి, ఆ కిటికీలోంచి కొండ మీద ఏమేం కనపడతా ఉండాదో చెప్పమనింది. చెప్పినా. పన్ను పీకినాక మళ్ళీ చెప్పమనింది. మళ్ళీ చెప్పినా. పడిపోయిన కోట గోడతో సహా అన్నీ యాడియాడనే ఉండాయి. ఇంకేంది భయం!"

చంద్రమోహన్ లోపలి గది వైపు చూశాడు. నిజంగానే కుర్చీ కిటికీకి ఎదురుగా ఉంది, కిటికీ నిండా కొండ ఉంది. ఒకసారి మధ్యాహ్నం అన్నం తింటూ, "పేషెంటుకి గోడ కాకుండా కిటికీ కనపడేట్టు కుర్చీ పెడితే బాగుంటుంది రూబీ" అని తానే అన్నాడు. తన క్లినిక్‌లో మాత్రం కుర్చీ ఇప్పటికీ గోడ మీది క్యాలెండరునే చూస్తోంది. ఆలోచన తనది, గిరాకీ ఆమెది. మండీలో దీన్ని దొంగతనమనే అంటారు.

"నమస్తే సార్" అంది రూబీ, చేతులు తుడుచుకుంటూ వచ్చి. ముఖంలో బెదురుంది గానీ దాపరికం లేదు. "నమస్తే మేడం. ఏం చూడాలన్నా చూడండి. ఆ పక్క గది ఒక్కటి మాత్రం చివర్లో చూస్తారా? ఒక పేషెంటుకి మత్తు ఇచ్చి ఉండాను, ఎక్కాల."

"చూద్దాంలే" అన్నాడు చంద్రమోహన్. మూసిన ఆ తలుపుని మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు. మూసిన గోతంలోనే గదా మెత్తబడ్డ కాయ ఉండేది.

చూడ్డం మొదలుపెట్టాడు. సూదులు విరిచే డబ్బా ఉంది. చెత్తకి రంగురంగుల సంచులు ఉన్నాయి, ఏ సంచిలో పడాల్సింది ఆ సంచిలోనే ఉంది. కుర్చీ మీది దీపం పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉంది, మనిషి మనిషికీ మారుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎవరికైనా మందు పడక కళ్ళు తేలేస్తే వెంటనే ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు, ఆక్సిజన్, అన్నీ చెయ్యి చాపితే అందే చోటనే ఉన్నాయి. వేరే మనిషైతే సంతోషించేవాడు. చంద్రమోహన్‌కి ఒక్కొక్కటీ కంట్లో నలుసులా పడింది. ఇవన్నీ ఎలా ఉండాలో ఆమెకి చెప్పింది తనే. చెప్పినవాడి దగ్గర సగమే ఉన్నాయి.

చివరికి గుమ్మం పక్కన గోడకి తగిలించిన ఎర్ర సిలిండర్ దొరికింది. మంటలార్పేది. గడువు దాటిపోయింది.

"మేడం! ఇటు చూడండి!" పారేసుకున్న ఉంగరం దొరికినంత సంబరంగా పిలిచాడు.

గోపిక వంగి చూసింది. "నిజమే. వారంలో మార్చాలి రూబీ గారూ."

"మారుస్తాను మేడం. నాదే పొరపాటు."

అంతే. ఆమె ఒప్పేసుకోవడంతో దొరికిన ఆ ఒక్క లోటులో కూడా పస లేకుండా పోయింది. రూబీ లోపలికి వెళ్ళింది. చంద్రమోహన్ మందుల బీరువా ముందు నిలబడ్డాడు. అప్పుడు పల్చటి చెక్క అడ్డం అవతల నుంచి మాటలు వినపడ్డాయి. ఒకటి రూబీ గొంతు. రెండోది ఆయా శీనమ్మది.

"డాక్టరమ్మా, ఆత్మకూరు పెద్దాయన మంచి ఉడుకు మీద ఉండాడు."

"ఎంతసేపట్నుంచి?"

"జీపొచ్చినప్పట్నుంచీ ఇదే వరస. బుసలు కొడతా ఉండాడు. ఇప్పుడు కదిలిస్తే మొహాన కొడతాడు."

"కదిలించబాక. ఆయనంతట ఆయనే చల్లారాల. పాతబడినాడు గదా, తొందరగా ఉడుకెక్కతాడు, నిదానంగా దిగతాడు."

"పాతబడినా పౌరుషం తగ్గలేదమ్మా" అంది శీనమ్మ. ఇద్దరూ నవ్వారు.

చంద్రమోహన్ చెవులు వేడెక్కాయి. బీరువా తలుపు ధడాలున మూసి, చెక్క అడ్డం దాటి లోపలికి దూకినంత పని చేశాడు.

"ఎవరే ఉడికిపోయేది? నీ గిరాకీ చూసి నేను ఉడుక్కుంటా ఉండానా? నీ మెట్ల మీద చెప్పులు చూసి నాకు కడుపుమంటా? నేను నేర్పిన పని, నేను చెప్పిన కుర్చీ, నా పేషెంట్లు! వీటిని చూసి నేనెందుకు ఏడుస్తానే?"

ఒక్క ఊపులో ఏళ్ళనాటి సరుకంతా వీధిలో పోసుకున్నాడు. గుమ్మంలో గోపిక నిలబడి ఉంది. హాలులో బెంచీ కిర్రుమనడం ఆగింది.

శీనమ్మ చేతిలో గుడ్డతో కొయ్యబారిపోయింది. "అయ్యయ్యో, తమర్ని కాదు సామీ! పెద్దాయన్ని అంటి. అదో, ఆ పెద్దాయన్ని."

ఆమె చూపించిన చోట బల్ల మీద ఒక యంత్రం. దొడ్డిబొజ్జ, మూత చుట్టూ మరలు, పక్కన ఒత్తిడి చూపించే ముల్లు. పనిముట్లను ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసే ఆటోక్లేవ్. శ్... శ్... అని బుసకొడుతూ ఉంది. మూత అంచున చిన్న సొట్ట. సొట్ట పక్కన ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు, ఎవరూ గట్టిగా రుద్ది తుడవనందుకు మరకగా మిగిలిన బొట్టు.

ఆ సొట్ట చంద్రమోహన్‌కి తెలుసు. ఆ బొట్టు పెట్టిన రేణుకాదేవి చెయ్యి ఇంకా బాగా తెలుసు.

"మీ క్లినిక్‌దే సార్" అంది రూబీ మెల్లగా. "నేను మానేసిన రోజు, 'కావాలంటే ఆ చెడిపోయిన ఇనుము మోసుకుపో' అన్నారు. మోసుకొచ్చినా. మూతకుండే రబ్బరు చుట్టు ఒక్కటే పోయింది. నెల్లూరు నుంచి మెకానిక్ వచ్చి మార్చినాడు. ఆత్మకూరు నుంచి వచ్చింది గదాని మావాళ్ళు పెద్దాయన అని పేరు పెట్టినారు. మర్యాదకే సార్."

తూకం తెలిసినవాడు రబ్బరు చుట్టు పోయిందని యంత్రాన్నే పారేశాడు. తండ్రి బతికుంటే మండీ గేటు దగ్గరే నిలబెట్టి తిట్టేవాడు. మంచి సరుకుని పోటీ అంగడికి తానే ఎత్తి పంపాడు, అదీ ఉత్త పుణ్యానికి.

గోపిక యంత్రాన్ని చూసింది, చంద్రమోహన్‌ని చూసింది. "ఇది ఇక్కడుంటే, మీ దగ్గర ఇప్పుడేం వాడుతున్నారు సార్?"

"కొత్తది" అన్నాడు చంద్రమోహన్. "కొత్తది పెట్టినాం."

అబద్ధం కాదు. నిజమూ కాదు. ఇంకో ప్రశ్న రాకముందే మాట మళ్ళించాలి. మూసిన గది గుర్తొచ్చింది.

"అది అట్లుండనీండి. ఆ గది ఎందుకు దాస్తా ఉండావు రూబీ? పేషెంటు పేషెంటు అంటూ తలుపు మూస్తే లోటు మూసుకుపోతుందా?"

"సార్, వద్దు. దయచేసి చెప్పేది వినండి..."

ఆమె ముఖం తెల్లబోయింది. ఆ తెల్లబోవడం చూసి చంద్రమోహన్‌కి ప్రాణం లేచివచ్చింది. దొరికింది కాయ! మర్యాద కూడా మరిచి తలుపు తోశాడు.

ముందు చీర కనపడింది. ఆవపువ్వు రంగు, ఆకుపచ్చ అంచు. పొద్దున అనంతసాగరం బస్సెక్కుతానన్న చీర. తర్వాత మనిషి కనపడింది. కుర్చీలో వెనక్కి వాలి, మెడ కింద తువ్వాలుతో, రేణుకాదేవి.



"మీ అక్కోళ్ళు అనంతసాగరంలో పళ్ళ కుర్చీ కూడా వేసినారా?" అన్నాడు చంద్రమోహన్.

రేణుకాదేవి లేచి కూర్చుంది. మత్తుకి పెదవి ఒక పక్కకి వేలాడుతోంది, మాట మెత్తగా జారుతోంది గానీ పదును తగ్గలేదు.

"వింజమూరు ఇంత దగ్గరికి ఎప్పుడు జరిగిందండీ?"

"ఊళ్ళో అందరి పళ్ళూ నేను చూస్తా ఉంటే, నా పెళ్ళాం పన్ను ఈ... ఈమె చూడాలనా? నా పరువు ఏం కావాల? నా దగ్గర కూర్చోను నీకేం రోగం?"

"రోగం రాకూడదనే కూర్చోలేదు."

గోపిక ముందుకు వచ్చింది. "మేడం, మీ క్లినిక్‌లో కొత్త మెషిన్ పెట్టామని సార్ ఇప్పుడే చెప్పారు."

రేణుకాదేవి భర్త వైపు చూసింది. కాపాడమన్నట్టు ఉన్న ఆ కళ్ళను చూసి ఒక్క క్షణం ఆగింది కూడా. తర్వాత తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకుంది.

"పెట్టినాం మేడం. అట్టపెట్టెతో సహా మేడ మీద పెట్టినాం. దాని మీద నేను నిమ్మకాయ ఊరగాయ జాడీలు పెడతా ఉండా. బిగించాలంటే నెల్లూరు నుంచి ఈ పక్కకి వచ్చే మెకానిక్ హర్ష ఒక్కడే. ఆ అబ్బాయి ముందు ఈడికొచ్చి ఈ పాతదాన్ని బాగుచేసినాడని తెలిసింది. 'రూబీ అంగడి గడప తొక్కినోడు నా గడప తొక్కకూడదు' అన్నాడు మా ఆయన. అప్పట్నుంచి మా పనిముట్లకి మరిగే నీళ్ళ స్నానమే."

"ఇంతవరకూ ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అన్నాడు చంద్రమోహన్. గొంతు అతనికే చిన్నగా వినపడింది.

"కాలేదు. అది మన గొప్పా? వచ్చినోళ్ళ నుదుటి గొప్ప. ఎన్నిసార్లు చెప్పినానండీ? చెప్పినప్పుడల్లా 'నువ్వూ ఆమె పక్కే' అంటిరి. నాకు ఆమె మీద ప్రేమా లేదు, మీ మీద కోపమూ లేదు. పన్ను నొప్పి ఉండాది. శుద్ధి చేసిన పనిముట్టు యాడుంటే ఆడికి వచ్చినా. మీరు పంపించిన పెద్దాయనే గదా, ఈడ నన్ను కాస్తా ఉండేది!"

గుమ్మం దగ్గర కొండలయ్య నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. ముసలాయన తన దవడ మీద చెయ్యి వేసుకుని తడుముకుంటున్నాడు. తాను ఆత్మకూరులో కూర్చున్న కుర్చీని తలుచుకుంటున్నాడని చంద్రమోహన్‌కి అర్థమైంది. ఆ తడమడం చూడలేక తల తిప్పుకున్నాడు. అసూయ ఎంతైనా తనని కాల్చుకునేదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది అవతలివాళ్ళ నోళ్ళలో కూడా వేలు పెట్టిందని ఇప్పుడు తెలిసింది.

గోపిక గొంతు పెంచలేదు. "సార్, ముందు ఈ క్లినిక్ సంగతి. మీ అభిప్రాయం చెప్పండి."

చంద్రమోహన్ కిటికీలోంచి కొండ వైపు చూశాడు. ఎవరో పన్ను పీకితే వచ్చినట్టు వచ్చింది మాట.

"సిలిండరు తప్ప... లోటు లేదు. నడవొచ్చు."

"సరే. రేపు ఆత్మకూరు. మీ క్లినిక్‌కి మీరే నిపుణుడుగా ఉండలేరు. నెల్లూరు నుంచి ఇంకొకరు దొరికేదాకా ఆగితే, అంతవరకూ మీ తలుపు మూసుండాల్సిందే. ఎన్నాళ్ళన్నది నేను చెప్పలేను." ఆమె పక్కకి తిరిగింది. "రూబీ గారూ, మీరు రాగలరా? మెకానిక్‌ని కూడా వెంటబెట్టుకొస్తే, ముందు మెషిన్ బిగించి, ఆ తర్వాతే తనిఖీ చేద్దాం."

రూబీ చేతి తొడుగులు విప్పి, ఎర్ర సంచిలో పడేసింది.

"మేడం, నేను మానేసిన పొద్దు, 'ఇంక ఈ గడప ఎక్కొద్దు' అన్నారు సారు. ఎక్కలేదు. దారినపోతా ఉన్నా అటు తల తిప్పలేదు. ఆ మాట మీ ఆర్డరుతో పోయేది కాదు. అన్నాయన నోటితోనే పోవాల. సారు పిలిస్తే వస్తా. పిలవకపోతే రాను."

అందరూ చంద్రమోహన్ వైపు చూశారు. రేణుకాదేవి కూడా చూసింది, వేలాడే పెదవిని వేలితో ఎత్తి పట్టుకుని.

చెక్క అడ్డం అవతల బుస ఆగిపోయింది. ముల్లు సున్నా మీదికి వచ్చి ఉంటుంది.

"పెద్దాయన చల్లారినాడమ్మా!" శీనమ్మ కేక వేసింది. "మూత తీసేదా?"



చంద్రమోహన్ లోలోపల లెక్క చూసుకున్నాడు. పొద్దున తెచ్చిన హోదా ఈ గది గుమ్మం దగ్గరే చెల్లిపోయింది. జీపులో ముందు సీటు ఎండకి కాలుతూ ఖాళీగా ఉంది. ఏళ్ళ తరబడి వడ్డీ కట్టి పోషించిన మంటని ఇప్పుడు ఉత్తినే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేడు. ఒకరి తలుపుకి తాళం వేయాలని వచ్చినవాడికి, బేరం ముగిసేసరికి మిగిలింది నాలుక మీద రెండక్షరాల మాట. "రామ్మా" అంటే తలుపు తెరుచుకుంటుంది. మింగితే పడేది తన తలుపుకే తాళం.

ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించిన మనిషి, అందరూ చూస్తుండగా, తన నోరు తెరిచాడు.